రాగమును వ్రాసికొనుడి



మీ బైబిలులో 22వ కీర్తన తెరచి, మొదటి వచనమునకు పైగా ముద్రింపబడిన మాటలను ఒకసారి చూడుడి. ఆ కీర్తనను ఏ రాగముమీద పాడవలెనో అచ్చట తెలుపబడియున్నది. ఆ రాగము పేరు అయ్యలెత్‌ షహరు. ఉదయకాలపు లేడి అని ఆ హెబ్రీ మాటలకు అర్థము చెప్పుదురు. 45వ కీర్తనకును, 69వ కీర్తనకును పైన లిల్లీపువ్వులు అను అర్థముగల మరియొక పేరు కలదు. ఇవి ఆ కాలపు జనులు బాగుగా ఎరిగిన పాటల పేర్లని అనేకులైన పండితుల అభిప్రాయము. పేరు చెప్పిన చాలును, గాయకులు వెంటనే ఆ వరుసను అందుకొనెడివారు కాబోలు. అందరికిని తెలిసిన వరుసను వ్రాసిపెట్టవలసిన పని యేమున్నది?

నేడు ఆ పేర్లు మాత్రము మిగిలియున్నవి. కీర్తనలోని మాటలు ఒక్కటియు పోలేదు. అవి మన తెలుగులోనికి కూడ వచ్చినవి. కాని ఉదయకాలపు లేడి అను ఆ రాగము ఎట్లుండెనో భూమిమీద ఎవరికిని తెలియదు. పాడినవారు గతించిరి, వారితోకూడ పాట వరుసయు గతించెను.

ఇప్పుడు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరువుడి. అనేక కీర్తనలకు పైన ఏమున్నది? ఒక రాగము పేరు, ఒక తాళము పేరు. దానిక్రింద పల్లవి, చరణములు. అంతే. 22వ కీర్తన పైనున్నట్లే గదా! రాగము పేరు తెలిసినంత మాత్రమున పాట వరుస తెలియదు. ఒకే రాగములో నూరు కీర్తనలు నూరు విధములుగా నడువవచ్చును. ఊరి పేరు చెప్పినంత మాత్రమున మనము వెదకుచున్న ఇల్లు దొరకదు. ఏ వీధిలో తిరుగవలెనో, ఏ చెట్టుదగ్గర ఆగవలెనో ఎవరైనను చెప్పవలెను. పురుషోత్తమ చౌదరిగారు 1803లో జన్మించి 1890లో గతించిరి. ఆ భక్తుని కీర్తనలు మన యొద్దకు వచ్చిన దారి నోటినుండి చెవికి, చెవినుండి నోటికి. తండ్రి పాడగా కుమారుడు వినెను. ఉపదేశి పాడగా పేట అంతయు వినెను. ఇట్లు నూరేండ్లకు పైగా ఆ పాటలను మోసినవారిలో అనేకులకు అక్షరజ్ఞానము కూడ లేదు. వారికి మనమెంతో ఋణపడియున్నాము.

ఐతే ఆ దారి ఇప్పుడు ఇరుకగుచున్నది. పెద్దలు పాడుచుండగా పిల్లలు ప్రక్కన కూర్చుండు సాయంకాలములు తగ్గినవి. పొలము పనిలో కలిసి పాడుట తగ్గినది. ఒక గ్రామములో ఒక కీర్తన పాతవరుస నెరిగినవారు ఒక్కరే మిగిలినప్పుడు, ఆ కీర్తన ఒక్క ఊపిరిమీద నిలిచియున్నదని చెప్పవలెను. అందుచేతనే పాటను కాగితముమీద వ్రాసికొను విద్యను గూర్చి, అందులోను పామరులు సహితము నేర్చుకొనదగిన సులభమైన పద్ధతులను గూర్చి, నేడు మీతో మాటలాడగోరుచున్నాను. ఈ విద్యను స్వరలిపి యందురు.

సెమినరీలో చదువుకొను దినములలో నేను అయిదు గీతల లిపిని నేర్చుకొంటిని. మీలో కొందరు పట్టణపు దేవాలయములలో ఆర్గనుమీద అట్టి పుస్తకమును చూచియుందురు. అడ్డముగా అయిదు గీతలుండును. వాటిమీదను, వాటి సందులలోను నల్లని గుడ్లవంటి గుర్తులుండును. గుర్తు పైకి పోయిన స్వరము పైకి పోవును. క్రిందికి దిగిన స్వరము దిగును. నాలుగు గొంతులు ఏకకాలమున పాడవలసిన పాటలకును, వాద్యములకును అది మిక్కిలి ఉపయోగమైన లిపి. దానిని నేర్చుకొన్నందుకు నేను దేవుని స్తుతించుచున్నాను.

కాని మొదట నేర్చుకొనువానికి అందులో ఒక గొప్ప కష్టము కలదు. శ్రుతి మారినప్పుడెల్ల మన షడ్జము, అనగా 'స', గీత మారును. నేడు ఒక గీత క్రింద నున్న 'స' రేపు మరియొక పాటలో మరియొక సందున కూర్చుండును. పైగా ఏ స్వరమును కొంచెము హెచ్చించవలెనో, ఏ స్వరమును తగ్గించవలెనో తెలుపు గుర్తులు మొదటనే వరుసగా నిలిచియుండును. దినమంతయు కలుపు తీసి వచ్చిన స్త్రీ, రాత్రి దీపముయొద్ద కూర్చుండి ఇన్ని లెక్కలు చేయగలదా? ఆమెకు పాట రాక కాదు. ఆమెకు ముందే తెలిసినదానిని ఈ గీతలు ఆమెకు కనబడకుండ చేయుచున్నవి.

ఆశ్చర్యమేమనగా, ఈ గీతల లిపి కూడ మొదట పిల్లలకు సులభము చేయుటకే వచ్చినది. సుమారు వెయ్యి సంవత్సరముల క్రిందట ఇటలీ దేశములో గ్విదో అను సన్యాసి అరెజ్జో పట్టణపు దేవాలయములో పాడు బాలురకు నేర్పుచుండెను. ఆ కాలపు బాలురు గురువు పాడగా విని, ఏండ్ల తరబడి కంఠస్థము చేయవలసియుండెను. గ్విదో గీతలమీద గుర్తులను క్రమపరచెను. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చిన ఒక లాటిను కీర్తనలోని పాదముల మొదటి అక్షరములను తీసికొని స్వరములకు పేర్లు పెట్టెను. ఆ పేర్లనుండియే నేడు పాశ్చాత్యులు చెప్పు దో, రే, మీ, ఫా, సో, లా పుట్టినవి. కావున ఎవరైనను వచ్చి, "పిల్లల కోసము చేసిన సులభపద్ధతి నిజమైన సంగీతవిద్య కాదు" అని చెప్పినయెడల, ఆ గీతల చరిత్రయే వారికి జవాబు చెప్పును.

తరువాత అనేక శతాబ్దములకు ఇంగ్లండులో నార్విచ్‌ అను పట్టణమున సారా గ్లోవర్‌ అను స్త్రీ యుండెను. ఆమె ఒక పాదిరిగారి కుమార్తె. సంఘమంతయు, బీదపిల్లలు సహితము, కీర్తనలు సరిగా పాడవలెనని ఆమె కోరిక. ఆమె గోడకు ఒక నిచ్చెన పటమును వ్రేలాడదీసి, మెట్టుమెట్టునకు ఒక స్వరము పేరు వ్రాసి, కఱ్ఱతో చూపుచు పాడించెను. గీతలు లేవు, గుడ్లు లేవు, అక్షరములే. 1835లో ఆమె తన పద్ధతిని పుస్తకముగా ప్రచురించెను.

1841లో హల్‌ పట్టణమున సండేస్కూలు ఉపాధ్యాయుల సభ కూడెను. పిల్లలకు పాట నేర్పుటకు అన్నిటికంటె సులభమైన మార్గమేదో కనుగొనుమని ఆ సభవారు జాన్‌ కర్వెన్‌ అను యౌవనస్థుడైన పాదిరిగారికి పని అప్పగించిరి. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. గీతల లిపిని చూచి పాడుట ఆయనకే కష్టముగా నుండెను. బహుశః అందుచేతనే ఆయన ఆ పనికి తగినవాడాయెను. దారిలో రాళ్లెక్కడ నున్నవో తట్టుకొన్నవానికి తెలియును గదా. ఆయన గ్లోవరమ్మగారి పుస్తకమును చదివి, ఆ పద్ధతిని సవరించి, దేశమంతట వ్యాపింపజేసెను. ఆయన చేసిన మార్పులన్నియు ఆమెకు నచ్చలేదు. ఐనను మూలము ఆమెయే యని చెప్పుట ఆయన మానలేదు. ఈ పద్ధతికి టానిక్‌ సోల్ఫా అని పేరు.

దాని నడక మీరు ఒక్క నిమిషములో గ్రహింపగలరు. దో, రే, మీ మొదలగు ఏడు స్వరముల మొదటి అక్షరములనే వ్రాయుదురు. ఆధారస్వరము ఎప్పుడును 'దో'యే. శ్రుతి ఎంత హెచ్చినను తగ్గినను దాని పేరు మారదు. కాలమును చూపుటకు నిలువు గీత, రెండు చుక్కలు, ఒక చుక్క, చిన్న అడ్డగీత, ఇవే చాలును. స్వరమును సాగదీయవలెనన్న అడ్డగీత, ఊరకుండవలెనన్న ఖాళీస్థలము. కర్వెన్‌ దొరగారు దీనికి చేతి సంజ్ఞలను కూడ చేర్చిరి. 'దో'కు బిగించిన పిడికిలి. 'మీ'కి నేలవైపు చాచిన అరచేయి. 'టీ'కి పైకి చూపు వ్రేలు. ఏలయనగా ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క స్వభావమున్నదని ఆయన నేర్పెను. 'దో' స్థిరమైనది, 'మీ' శాంతమైనది, 'టీ' పై మెట్టునకు పోవలెనని తొందరపడునది. అక్షరము రాని పసివాడు కూడ చేతిని చూచి పాడగలడు.

ఇందులో మరియొక మేలు కలదు. గీతల లిపిని అచ్చువేయుటకు ప్రత్యేకమైన అచ్చుసామగ్రి కావలెను. సోల్ఫాకు ప్రతి ముద్రాక్షరశాలలోను ఉన్న అక్షరములే చాలును. ఖర్చు తగ్గినది, బీదవాని చేతికి పుస్తకము వచ్చినది. కావున మిషనెరీలు ఆ చిన్న పుస్తకములను ఓడలలో తీసికొనిపోయిరి. మడగాస్కరులోను, దక్షిణాఫ్రికాలోను, పసిఫికు ద్వీపములలోను వేలకొలది జనులు వాటినిబట్టి నాలుగు గొంతుల పాటలు నేర్చిరి. దక్షిణాఫ్రికాలో ఈనోక్‌ సొంటోంగా అను ఉపాధ్యాయుడు 1897లో ఒక ప్రార్థనాగీతమును కూర్చి ఈ అక్షరములలోనే వ్రాసికొనెను. 'ఆఫ్రికాను దీవించుము' అను ఆ గీతము నేడు ఆ దేశపు జాతీయగీతములో మొదటి భాగమై యున్నది. అంత దూరము పోనక్కరలేదు. మన దేశములోనే మిజోరాము కొండలలోని సంఘములను చూడుడి. వేల్సు మిషనెరీలు తెచ్చిన సోల్ఫా అక్షరములు వారి కీర్తనల పుస్తకములలో నేటికిని అచ్చగుచున్నవి. రైతులును కూలివారును వాటిని చూచి నాలుగు గొంతులుగా పాడుచున్నారు.

ఇతర దేశములవారును తమతమ మార్గములను కనుగొనిరి. అమెరికాలో 1801 ప్రాంతమున విలియం లిటిల్‌, విలియం స్మిత్‌ అనువారు గీతలను విడువకయే గుర్తుల ఆకారములను మార్చిరి. 'ఫా'కు త్రికోణము, 'సోల్‌'కు గుండ్రము, 'లా'కు చతురస్రము, 'మీ'కి వజ్రపు ఆకారము. పల్లెటూరి సంఘములు ఆ ఆకారములను చూచి పాడ నేర్చినవి. అమెరికా దక్షిణ భాగములలో నేటికిని అట్లు పాడువారు కలరు. ఫ్రాన్సులో రూసో అను ప్రసిద్ధ గ్రంథకర్త 1742లో 1 మొదలు 7 వరకు అంకెలతోనే పాటను వ్రాయవచ్చునని పండితుల సభకు విన్నవించెను. వారు దానిని అంగీకరింపలేదు. కాని తరువాతి కాలములో అట్టి అంకెల లిపియే చీనా దేశమంతట వ్యాపించెను. అచ్చటి గ్రామసంఘముల కీర్తనల పుస్తకములలో పాటలపైన అంకెలుండుట నేడు సామాన్యము.

ఇవన్నియు వినుచుండగా మీ మనస్సులో ఒక సంగతి మెదలవలెను. ఆధారస్వరము ఎక్కడనున్నను దాని పేరు మారదు. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క అక్షరము. పై స్థాయికి ఒక గుర్తు, క్రింది స్థాయికి ఒక గుర్తు. ఇది మనకు క్రొత్తయా? స రి గ మ ప ద ని అని మన దేశమున ఎన్ని తరములనుండి పాడుచున్నారో! నార్విచ్‌ పట్టణపు నిచ్చెన మన ఇంటిలోనే చిరకాలమునుండి గోడకు ఆనియున్నది. మనము దానిని విద్వాంసులకు విడిచిపెట్టి, మనము ఎక్కకుండ దూరముగా నిలుచున్నాము.

తెలుగు అక్షరములలో స్వరములను వ్రాయు మార్గము కూడ సిద్ధముగా నున్నది. 1904లో ఎట్టయపురమునుండి సుబ్బరామ దీక్షితులవారు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అను గొప్ప గ్రంథమును తెలుగులిపిలో ప్రచురించిరి. ముత్తుస్వామి దీక్షితులవారి కృతులు మొదలైనవి అందులో స్వరములతో వ్రాయబడియున్నవి. ఆ గ్రంథము వెలువడుటకు ఎంతో ప్రోత్సహించినవారిలో చిన్నస్వామి మొదలియారుగారు ముఖ్యులు. ఆయన మద్రాసులో ఉద్యోగము చేసిన క్రైస్తవుడు. మన దేశపు పాటలు నశింపకూడదని ఆయన తానే వాటిని పాశ్చాత్యుల గీతల లిపిలో వ్రాసి అచ్చువేయించుచుండెను. తన మతమువారి పాటలు కాకపోయినను వాటిని కాపాడుటకు ఆయన అంత ప్రయాసపడెను గదా. మన ప్రభువును స్తుతించు మన సొంత కీర్తనల కొరకు మనమెంత ప్రయాసపడవలెను?

ఇక మా సంఘములో జరిగిన ఒక సంగతి చెప్పెదను. కొన్ని సంవత్సరములుగా శనివారము సాయంకాలములలో యౌవనస్థులకు తెలుగు స్వరములు నేర్పుచున్నాను. నల్లబల్లమీద ఎనిమిది మెట్ల నిచ్చెన గీయుదుము. కఱ్ఱ ఎక్కడ ఆనించిన ఆ స్వరము వారు పాడవలెను. అంతకంటె గొప్ప పాఠశాల యేమియు కాదు.

మా సంఘములో ఎనుబది ఏండ్లు దాటిన మామ్మగారొకరు ఉండిరి. ఆమెకు చదువు రాదు, వ్రేలిముద్ర వేసెడిది. ఒక ఆదివారము ఆరాధనలో ఒక పాత కీర్తనను మేము ఇప్పటి వరుసలో పాడితిమి. ఆరాధన ముగిసిన పిమ్మట ఆమె నాతో, "మీరు పాడింది బాగానే ఉంది అయ్యగారూ. కానీ మా నాయన పాడింది ఇది కాదు" అనెను. ఆమె అరుగుమీద కూర్చుండి పాతవరుసను వినిపించెను. నేనెన్నడును వినని వరుస అది. ఆ గ్రామములో దానిని ఎరిగినవారు మరియెవరును లేరు.

ఒక కుఱ్ఱవాడు వెంటనే ఫోనులో పట్టుకొనెను. మంచిదే. కాని ఆ నెలలోనే ఆ ఫోను కాలువలో పడి, అందులోని దంతయు పోయెను. అప్పటినుండి నలుగురు యౌవనస్థులు, ఇద్దరు బాలురు, ఇద్దరు బాలికలు, పుస్తకమును పెన్సిలును పట్టుకొని ఆమె అరుగుమీదికి పోసాగిరి. ఆమె ఒక పాదము పాడును. వీరు మొదట ఆ పాట ఎచ్చట విశ్రాంతి పొందుచున్నదో వెదకి, దానికి 'స' అని పేరు పెట్టుదురు. అచ్చటినుండి మెట్లు లెక్కించుకొని ఒక్కొక్క స్వరము వ్రాయుదురు. ఒకచోట గాంధారము హెచ్చుదా, తగ్గుదా అని నలుగురికిని వాదము వచ్చెను. ఒక బాలిక రెండు విధములుగాను పాడి వినిపించెను. మొదటిదానికి మామ్మగారు తల అడ్డముగా ఊపెను, రెండవదానికి, "అదీ!" అనెను. స్వరముల పేర్లు ఒక్కటియు ఎరుగని ఆమె ఆ నలుగురికిని గురువాయెను.

పల్లవి, అనుపల్లవి, ఒక చరణము వ్రాయుటకు అయిదు సాయంకాలములు పట్టెను. చివరి దినమున వారు కాగితము చూచుచు మొదటినుండి పాడిరి. మామ్మగారు కన్నులు మూసికొని వినెను. తరువాత కాగితము చేతిలోనికి తీసికొని ఇటు అటు త్రిప్పి చూచి, "ఇది చూసి, నేను లేకపోయినా పాడగలరా?" అని అడిగెను.

"పాడగలం మామ్మా" అని వారు చెప్పిరి.

నేను ఆ మాటను పరీక్షింప దలచితిని. మా పాస్టరేటులోని మరియొక గ్రామపు యౌవనస్థులకు, ఆమె పాట ఎన్నడును విననివారికి, ఆ కాగితమునకు నకలు ఇచ్చితిని. వారును స్వరములు నేర్చినవారే. పది దినముల తరువాత వారు వచ్చి మామ్మగారి యెదుట పాడిరి. స్వరములన్నియు సరిపోయినవి. కాని రెండు చోట్ల ఆమె ఆపించెను. "అక్కడ ఊరికే దిగకూడదమ్మా, కాస్త ఊగి దిగాలి" అని పాడి చూపెను. మేము ఆ రెండు చోట్ల వంకర గీతలు గీసికొంటిమి. మరుసటి వేసవిలో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె సమాధియొద్ద రెండు గ్రామములవారును కలిసి ఆ కీర్తనను ఆమె తండ్రి వరుసలోనే పాడిరి.

కొందరు చదువరులు నాకు అడ్డు చెప్పుదురు. వారి ప్రశ్నలు న్యాయమైనవే. ఫోనులున్న కాలమున ఈ వ్రాత ఎందుకు? ఫోనులో తప్పక పట్టుకొనుడి. ఒకటికి రెండుచోట్ల దాచుడి. కాని ఫోను వినిపించును, నేర్పదు. దానినుండి పాడువాడు ఆ గొంతును అనుకరించును. ఏ మెట్టునుండి ఏ మెట్టునకు పోవుచున్నాడో ఎరుగడు. వ్రాసినవాడు ప్రతి మెట్టునందును ఆగి, విచారించి, నిర్ణయింపవలెను. అట్లు చేసినవానికి ఆ పాట తనదగును. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పిల్లనగ్రోవిని, వీణను ప్రస్తావించి, స్వరములలో భేదము తెలియనియెడల వాయించినది ఎట్లు తెలియునని అడుగుచున్నాడు. మనస్సుతోను పాడవలెనని బోధించుచున్నాడు. స్వరము చదువుట మనస్సుతో పాడుటకు ఒక మంచి సహాయము.

అక్షరములలో గమకము ఇమడదు గదా అని రెండవ ప్రశ్న. నిజము. మామ్మగారి ఊపు మా కాగితములోనికి మొదట రాలేదు. దీక్షితులవారు గమకములకు ప్రత్యేకమైన గుర్తులు పెట్టిరి. ఐనను అవి కూడ సజీవమైన గొంతునకు సమానము కావు. కావుననే ఆ గొంతులు ఇంకను మనమధ్య నుండగా వ్రాసికొనవలెను. తప్పులు దిద్దువారు నేడున్నారు, రేపుండరు. అంకెలయందును, అక్షరములయందును మరియొక కొరత కలదు. గీతలలో పాట ఎక్కుట దిగుట ఒక్కచూపున కనబడును. అక్షరములను ఒక్కొక్కటిగా చదువవలెను. రూసో అంకెలను గూర్చి రామో అను విద్వాంసుడు ఈ అభ్యంతరమే చెప్పెను. అది సరియైనదేయని రూసో ఒప్పుకొనెను. కీబోర్డు వాయింపగోరు పిల్లలు కొంతకాలమైన పిమ్మట గీతల లిపిని కూడ నేర్చుకొనవలెను. స్వరములు వచ్చినవానికి ఆ గీతలు అంత భయము పుట్టింపవు.

ఒక పట్టణపు సోదరుడు మా కాగితమును చూచి, "ఇది పిల్లల చదువు గదా" అని నవ్వెను. ఔను, పిల్లల చదువే. గుర్తు పాట కొరకు గాని పాట గుర్తు కొరకు కాదు. ఏ గుర్తు చూచి మన సంఘములోని కూలివారు నోరు తెరచి సరిగా పాడగలరో ఆ గుర్తే మన సంఘమునకు మేలైనది. మన ప్రభువు కూడ రాజ్యమర్మములను విత్తనములతోను, పిండితోను, వలతోను చెప్పెను. వినువారు ఎరిగిన వస్తువులతోనే ఎరుగని దానిని చూపెను.

మీరును మొదలుపెట్టగోరిన యెడల ఇట్లు చేయుడి. గోడమీదనైనను బల్లమీదనైనను నిచ్చెన గీసి, క్రిందినుండి స రి గ మ ప ద ని, పైన మరల స అని వ్రాయుడి. అందరికిని సుఖమైన శ్రుతిని హార్మోనియముమీద పట్టి, దానికి 'స' అని పేరు పెట్టుడి. మొదటి వారము స, ప, పై స, ఈ మూడే పాడించుడి. తరువాత 'గ' చేర్చుడి. ఈ నాలుగును స్థిరపడిన పిమ్మట మిగిలినవి వాటి మధ్య తమ చోటు వెదకికొనును. కర్వెన్‌ దొరగారు కూడ దో, మీ, సో అను మూడింటితోనే మొదలుపెట్టిరి. దో, రే, మీ అను పాశ్చాత్యుల వరుస మన శంకరాభరణ రాగపు స్వరములతో సరిపోవును. కావున ఇంగ్లీషు వరుసలలో మనము పాడు పాటలలో అనేకము కూడ ఈ నిచ్చెనమీదనే నేర్పవచ్చును.

తాళమును చేతితో వేయించుచు అక్షరములు లెక్కింపుడి. 'స' అనిన ఒక అక్షరకాలము, 'సా' అనిన రెండు. ఇంకను సాగవలెనన్న ఒక కామా పెట్టిన మరియొక అక్షరకాలము. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు. వాటిని నాలుగు, రెండు, రెండుగా గీతలతో విడదీయుదురు. ఉదాహరణకు, సా రి గ | మా | పా || అని వ్రాసినచో ఎనిమిదియు నిండినవి. పై స్థాయి స్వరమునకు నెత్తిన చుక్క. క్రింది స్థాయికి అడుగున చుక్క. స్వరముల క్రింద కీర్తన మాటలు వ్రాయుడి. మొదట అందరికిని వచ్చిన కీర్తననే వ్రాయించుడి, అప్పుడు తప్పు వారికే తెలియును. వారమునకు అరగంట చాలును. పాడలేనని సిగ్గుపడువారిని వెనుక కూర్చుండబెట్టక ముందు కూర్చుండబెట్టుడి.

అన్నిటికంటె ముందుగా ఒక పని చేయుడి. మీ సంఘములో ఏ కీర్తన పాతవరుస ఒక్కరికో ఇద్దరికో మాత్రమే తెలిసియున్నదో విచారించుడి. వారు మంచమెక్కియున్నను సరే, వారి యొద్దకు పోయి కూర్చుండుడి. స్వరములు ఇంకను రానియెడల ఇప్పటికి ఫోనులో పట్టుకొనుడి. స్వరములు నేర్చి తరువాత వ్రాయుడి. వ్రాసినదానిని వారికి పాడి వినిపించి దిద్దించుకొనుడి. కాగితముమీద వారి పేరు, గ్రామము, తేది వ్రాసి, నకలు ఒకటి దేవాలయములో భద్రపరచుడి.

దేవుడు మన పెద్దల నోట ఉంచిన స్తుతి వారితోకూడ సమాధిలోనికి పోనక్కరలేదు. నూరేండ్ల తరువాత మన గ్రామములో ఒక చిన్నపిల్ల కీర్తనల పుస్తకము తెరచినప్పుడు, పైనున్న రాగము పేరు చదివి ఊరకుండిపోకుండ, దాని క్రిందనున్న అక్షరములను చూచి నోరు తెరచి పాడునట్లు ప్రభువు మనకు ఈ చిన్న పనియందు సహాయము చేయునుగాక.